డ్యూస్ అంటే ఏంటి? 20-20 అయితే గేమ్ ఎందుకు ముగియదు?

బ్యాడ్మింటన్‌లో ముందుగా 21 పాయింట్లు కొట్టినవాళ్లదే గేమ్. మరి 22-20, 24-22 లాంటి స్కోర్లు ఎలా వస్తున్నాయి? మ్యాచ్ చూసేటప్పుడు చాలామందికి వచ్చే డౌట్ ఇది. దీనికి కారణం.. డ్యూస్.

రెండు అనే అర్థం ఉన్న ఫ్రెంచ్ మాట నుంచి ఈ పదం పుట్టింది. స్కోరు సమమైంది, ఇక గెలవాలంటే వరుసగా రెండు పాయింట్లు కొట్టాల్సిందే అని దీని అర్థం. అదృష్టం కొద్దీ వచ్చిన ఒక్క పాయింట్‌తో గేమ్ పోకూడదన్నదే ఈ రూల్ ఉద్దేశం.

ఏ ఆటలో ఎలా?

టెన్నిస్: 40-40 అయితే డ్యూస్. తర్వాతి పాయింట్ గెలిస్తే 'అడ్వాంటేజ్' వస్తుంది. ఆ వెంటనే ఇంకో పాయింట్ కొడితే గేమ్ మీదే. పోగొట్టుకుంటే మళ్లీ డ్యూస్! మామూలు రూల్ ప్రకారం దీనికి లిమిట్ లేదు.

టేబుల్ టెన్నిస్: 10-10 దగ్గర డ్యూస్. అప్పటిదాకా రెండేసి సర్వీసులు చేసిన ప్లేయర్లు, అక్కడి నుంచి ఒక్కొక్కటే చేస్తారు.

బ్యాడ్మింటన్: 20-20 దగ్గర మొదలవుతుంది. అంపైర్ '20 ఆల్' అని మాత్రమే అంటారు. డ్యూస్ అనేది ప్లేయర్లు, కామెంటేటర్లు వాడే మాట. ఇక్కడ లిమిట్ ఉంది. 29-29 అయితే 30వ పాయింట్ ఎవరు కొడితే వాళ్లే విన్నర్.

సింధు ఫైనల్ గుర్తుందా?

2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో మన పీవీ సింధు, జపాన్ ప్లేయర్ నొజోమి ఒకుహారా 110 నిమిషాలు పోరాడారు. మొదటి గేమ్ 21-19తో ఒకుహారాది. రెండోది 20-20 దాకా వెళ్లింది. చివరికి 73 షాట్ల ర్యాలీతో సింధు 22-20తో గెలిచింది. మూడోదీ 20-20కే వచ్చింది. ఈసారి ఆ రెండు పాయింట్లు ఒకుహారా కొట్టేసింది. మ్యాచ్ మొత్తం కలిపి చూస్తే ఒకుహారాకు 63, సింధుకు 61. తేడా సరిగ్గా రెండే! స్వర్ణం, రజతం మధ్య దూరం అంతే.

రెండేళ్ల తర్వాత, 2019లో బాసెల్‌లో మళ్లీ అదే ఫైనల్, అదే ప్రత్యర్థి. ఈసారి సింధు డ్యూస్ మాటే రానివ్వలేదు. 21-7, 21-7తో 38 నిమిషాల్లోనే గెలిచి, బ్యాడ్మింటన్‌లో భారత్ తొలి వరల్డ్ ఛాంపియన్‌గా నిలిచింది.