కోడికి గుడ్డు ఇరుక్కుంటే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

పై వీడియోలో పెట్టను గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టడం చూశారు కదా. అది ఎప్పుడు చేయాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

గుడ్డు ఇరుక్కున్న పెట్ట ఈకలు ఉబ్బించుకుని, తోక కిందికి వాల్చి, ఒళ్లు నిటారుగా పెట్టి నిలబడుతుంది. గూట్లోకి పోతుంది, ముక్కుతుంది, గుడ్డు పెట్టకుండానే లేస్తుంది. మేత ముట్టదు. రెట్ట వేయదు, వేసినా నీళ్లలా కొంచెం పడుతుంది. లోపలున్న గుడ్డు రెట్టకి కూడా అడ్డం పడుతుంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

చాలామంది దీన్ని చూసి "పొదుగుకొచ్చిందిలే" అని వదిలేస్తారు. నష్టం అక్కడే జరుగుతుంది. పొదుగుకొచ్చిన పెట్ట చెయ్యి పెడితే పొడుస్తుంది, గుర్రుమంటుంది. కిందికి దించితే మామూలుగా నడుస్తుంది, ఒకేసారి పెద్ద రెట్ట వేస్తుంది. గుడ్డు ఇరుక్కున్నదానికి పొడిచే ఓపిక ఉండదు. అనుమానం ఉంటే పొట్ట కింద, తోక వైపు మెల్లగా తడిమి చూడండి. చాలాసార్లు గట్టిగా గుడ్డు తగులుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. వెడల్పాటి టబ్బులో మోచేతికి వెచ్చగా తగిలేంత నీళ్లు పోసి, పొట్ట మునిగేలా పెట్టను 15–20 నిమిషాలు కూర్చోబెట్టాలి. వేడికి కండరాలు వదులవుతాయి. తర్వాత తడి లేకుండా తుడిచి ఆరబెట్టండి. తడిగా వదిలేస్తే చలికి ఇంకా బిగుసుకుంటుంది. రెట్ట వేసే ద్వారం చుట్టూ కొద్దిగా కొబ్బరినూనె రాసి, అట్టపెట్టెలో గడ్డి వేసి, చీకటిగా, వెచ్చగా, మిగతా కోళ్లకి దూరంగా పెట్టండి. కోళ్లకిచ్చే లిక్విడ్ కాల్షియం ఉంటే సీసా మీద రాసిన మోతాదులో తాగించండి. తల నిలపలేనంత నీరసంగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పొట్ట పిసికి గుడ్డు బయటికి తోయడం, పుల్లతో లోపలే పగలగొట్టడం అస్సలు వద్దు. పెంకు ముక్కలు లోపల కోస్తాయి, సొన లోపలే ఉండిపోతే చీము పడుతుంది. కొందరు ఆముదం తాగిస్తుంటారు. తాగిన నూనె పేగుల్లోకి పోతుంది గానీ గుడ్డు వచ్చే దారిలోకి పోదు.

రెండోసారి నీళ్లలో పెట్టినా గుడ్డు రాకపోతే అదే రోజు పశువైద్యశాలకి తీసుకెళ్లండి, లేదా 1962కి ఫోన్ చేసి అడగండి. డాక్టర్ కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే నొప్పులు తెప్పించే మందు వాడతారు. ఆ రెండో మందు షాపులో కొని మీరే వేయొద్దు. దారి మూసుకుని ఉంటే గుడ్డు సంచి చిరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఎందుకొస్తుందంటే, ముఖ్యంగా కాల్షియం లోటు. ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. గుడ్డుని బయటికి నెట్టే కండరాలకీ అదే కావాలి. ఏడాదికి 50–60 గుడ్లు పెట్టే నాటుపెట్ట పురుగూ పుట్రా ఏరుకుని నెట్టుకొస్తుంది. అదే దొడ్లో గ్రామప్రియ లాంటి, గుడ్లు ఎక్కువ పెట్టే రకం తెచ్చి, అవే నూకలు వేస్తే ఎక్కడ సరిపోతుంది? 100 గ్రాముల నూకల్లో కాల్షియం 10 మిల్లీగ్రాములకి అటూఇటూ. మనం గొప్పగా చెప్పుకునే రాగుల్లోనూ 350 మిల్లీగ్రాములకి అటూఇటూనే. మేత ఒక్కటే నమ్ముకుంటే లెక్క తేలదు.

అందుకే ఆల్చిప్పల ముక్కలు గానీ, కాల్చి నలిపిన గుడ్డు పెంకులు గానీ వేరే గిన్నెలో పెట్టండి. ఎంత కావాలో పెట్టే చూసుకుంటుంది. మెత్తటి పొడి కంటే బియ్యపు గింజంత ముక్కలు మేలు. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది, ముక్కలైతే అప్పటిదాకా మెల్లగా కరుగుతుంటాయి. సాయంత్రం గిన్నె ఖాళీగా లేకుండా చూసుకోండి. తాంబూలం సున్నం మాత్రం పెట్టొద్దు, నోరు కాలుతుంది. పిల్లల మేతలో ఈ ముక్కలు కలపకూడదు, ఎక్కువ కాల్షియం వాటి కిడ్నీలని పాడుచేస్తుంది. పెట్టలకి ఎండ తగలాలి, లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. మొక్కజొన్న ఎక్కువ తిని కొవ్వు పట్టిన పెట్టల్లోనూ, మొదటిసారి గుడ్డుకొచ్చిన పడుచు పెట్టల్లోనూ ఈ సమస్య ఎక్కువ.

ఇంట్లో పిల్లల కోసం ఫించ్ పిట్టలు పెంచేవాళ్లు కూడా గమనించండి. వాటికీ ఇదే జబ్బు, కాకపోతే ఒళ్లు చిన్నది కాబట్టి రోజుల్లో కాదు, గంటల్లో ప్రాణం పోతుంది. నీళ్లలో ముంచకుండా వెచ్చటి పెట్టెలో పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

గుడ్డు పెట్టేసిన పెట్టను రెండు మూడు రోజులు విడిగా ఉంచండి. వెనక ఎర్రగా కనిపిస్తే మిగతావి పొడిచి చంపేస్తాయి. తర్వాత వచ్చే గుడ్ల పెంకు పల్చగా ఉందేమో చూడండి. మళ్లీ మళ్లీ ఇరుక్కునే పెట్ట నాటుదైతే, పొదుగుకొచ్చినప్పుడు వేరే పెట్టల గుడ్లు దాని కింద పెట్టండి. పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని తిప్పినన్నాళ్లూ అది గుడ్డు పెట్టదు, ఒళ్లు తేరుకుంటుంది.