గర్భకోశ శస్త్రచికిత్సలో యంత్రహస్తము

"రోబో ఆపరేషను" అను మాట నేడు పట్టణములనుండి పల్లెలకు ప్రాకుచున్నది. యంత్రము తనంతట తానే కడుపు కోయునని కొందరు భయపడుదురు. యంత్రము చేయు పనిలో పొరపాటే ఉండదని మరికొందరు నమ్ముదురు. ఈ రెండును సత్యములు కావు. బళ్ళారి జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. అప్పటినుండి బండ్రి వంటి గ్రామములందలి తెలుగువారికి ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, వైద్యుని చీటిలో ఆంగ్లము. ఈ మూడు భాషల నడుమ గర్భసంచి ఆపరేషనుకు అంగీకారపత్రముపై సంతకమో వ్రేలిముద్రయో వేయు స్త్రీకి, తన దేహమున జరుగబోవునది మాతృభాషలో తెలియుట అత్యవసరము. కావుననే ఈ వ్యాసము.

ఉదరమును కోసి చేయు శస్త్రచికిత్స చరిత్రలో స్త్రీవ్యాధులకు తొలిస్థానము కలదు. 1809లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఎఫ్రాయిమ్ మెక్‌డవల్ అను వైద్యుడు, మత్తుమందు లేని ఆ కాలమున, జేన్ టాడ్ క్రాఫర్డ్ అను స్త్రీ అండాశయమునుండి పది కిలోలకు మించిన కంతిని తొలగించెను. ఆమె పిమ్మట ముప్పది యేండ్లకు పైగా జీవించెను. పెద్దకోత లేకయే లోపలి అవయవములను చూడవలెనను ప్రయత్నము 1940 ప్రాంతములలో పారిస్ నగరమున రావూల్ పామర్ చేతులలో వృద్ధిపొందినది. జర్మనీలోని కీల్ నగరమున కుర్ట్ జెమ్ అందుకు కావలసిన పనిముట్లను సమకూర్చెను. 1988లో అమెరికాలో హ్యారీ రైక్ లాపరోస్కోపు సాయమున గర్భసంచిని తొలగించెను. పామర్, జెమ్, రైక్ ముగ్గురును స్త్రీవ్యాధి వైద్యులే.

లాపరోస్కోపు పద్ధతిలో బొడ్డుచెంతను, దాని పరిసరములను చిన్న రంధ్రములు చేసి, బొగ్గుపులుసు వాయువుతో ఉదరమును ఉబ్బించి, ఒక రంధ్రమున కెమెరాను, తక్కినవానిలో పొడవైన పనిముట్లను చొప్పింతురు. కోత చిన్నదగుటచే నొప్పి, రక్తస్రావము తగ్గును. రోగి త్వరగా లేచి తిరుగును. కాని ఆ పనిముట్లు కఱ్ఱవలె బిఱుసైనవి, మణికట్టువలె వంగవు. తెరపై కానవచ్చు చిత్రమునకు సాధారణముగా లోతు ఉండదు.

ఈ రెండు లోపములను రోబో తీర్చినది. కాలిఫోర్నియాలో 1995లో స్థాపితమైన ఇంట్యూటివ్ సర్జికల్ సంస్థ 'డావిన్సీ' యంత్రమును నిర్మించెను. అమెరికా ప్రభుత్వము దానికి 2000లో సామాన్య లాపరోస్కోపీకిని, 2005లో స్త్రీవ్యాధి శస్త్రచికిత్సలకును అనుమతి నిచ్చెను. వైద్యుడు రోగికి కొంత ఎడముగా ఒక పీఠముకడ కూర్చుండి, లోతు తెలియునట్లు పెద్దదిగా కానవచ్చు దృశ్యమును చూచుచు వ్రేళ్ళు కదల్చును. రోగిపై నున్న యంత్రబాహువులు ఆ కదలికలనే సూక్ష్మముగా అనుకరించును. చేతివణకు వడకట్టబడును, పనిముట్టు కొన మణికట్టువలె తిరుగును. యంత్రము తనంత తాను నిర్ణయము చేయదు. చెయ్యి వైద్యునిదే, బాధ్యతయు వైద్యునిదే.

ఈ విద్య వ్యాప్తిలో తెలుగువారి పాత్రయు కలదు. అమెరికాలో స్థిరపడిన వ్యాపారవేత్త రాజ్ వట్టికూటి 2001లో ఇచ్చిన విరాళముతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో మూత్రవ్యాధుల రోబో చికిత్స ప్రసిద్ధి కెక్కినది. ఆయన పేర వెలసిన సంస్థ భారతదేశమున యువవైద్యులకు రోబో చికిత్సలో శిక్షణ నిప్పించుచున్నది.

ఇక ఫలితముల మాట. 2013లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనయందు, క్యాన్సరు కాని వ్యాధులకు గర్భసంచి తొలగించిన 2,64,758 మంది స్త్రీల వివరములు పరిశీలింపబడినవి. రోబో పద్ధతిలోను, లాపరోస్కోపు పద్ధతిలోను చిక్కులు దాదాపు సమానముగనే ఉండెను. రోబోకు మాత్రము ఒక్కొక్కరికి సుమారు 2,189 డాలర్లు అధికముగా వ్యయమయ్యెను. వీలైనచోట యోనిమార్గముననే తొలగించుట మేలని అమెరికా స్త్రీవ్యాధి వైద్యుల సంఘము చెప్పుచున్నది. అందుకు కడుపుపై కోతయే ఉండదు. 2018లో వెలువడిన మరియొక పరిశోధనయందు, తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు చిన్నరంధ్రముల పద్ధతిని అనుసరించినప్పుడు, నాలుగున్నర యేండ్లలో వ్యాధి తిరుగబెట్టక మిగిలినవారు నూటికి 86 మంది. పెద్దకోత పద్ధతిలో 96.5 మంది. చిన్నకోత అన్నిట మేలుకాదని దీనివలన తేటపడినది. దట్టముగా అతుకులు పడినచోట, లోతైన గడ్డల విడదీతలో, జారిన అవయవములను కుట్టి నిలుపుటలో రోబో వైద్యుని చేతికి సౌలభ్యము నిచ్చును.

అసలు ప్రశ్న పనిముట్టును గూర్చినది కాదు. ఆపరేషను అవసరమా అన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.3 కాగా, ఆంధ్రప్రదేశమున 8.7, తెలంగాణమున 8.2. తెలుగుదేశముల ఈ ఆధిక్యము మనకు గర్వకారణము కాదు. అనవసరముగా గర్భసంచులు తొలగించుటను అరికట్టు కేంద్రప్రభుత్వ మార్గదర్శకములను అమలు జరుపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2023 ఏప్రిల్ 5న రాష్ట్రముల నాజ్ఞాపించినది. అధిక రక్తస్రావమునకు మందులు, హార్మోను కల లూపు వంటి మార్గములు ఉన్నవి. పిన్నవయసున అండాశయములనుగూడ తీసివేసినచో ముట్లు ఒక్కసారిగా ఆగి ఎముకలు బలహీనమగును. గుండెజబ్బుల భయము హెచ్చును.

కావున సోదరీమణులు వైద్యుని నాలుగు మాటలు అడుగవలెను: నా వ్యాధి ఏది? ఆపరేషను లేక నయము కాదా? అండాశయములు ఉంచుదురా, తీయుదురా? నాకు ఈ పద్ధతియే ఏల? వీనికి తమకు తెలిసిన భాషలో సమాధానము వచ్చుదాక సంతకము చేయవలసిన పనిలేదు. రక్తస్రావము ఆగక ప్రాణాపాయము కలిగినప్పుడు మాత్రము జాగు కూడదు. మన సంఘములును, మన పాఠశాలలును ఇట్టి విషయములను తెలుగున తెలుపుటకు పూనుకొన్నచో, యంత్రహస్తము అవసరమైనవారికే ఉపకరించును.