ఆ ఒక్కరు మనమే కావచ్చు

"తండ్రి చూస్తే తాగుబోతు. తల్లేమో నాలుగిళ్లలో అంట్లు తోమితే గానీ పూట గడవదు. ఇక ఈ పిల్లాడేం బాగుపడతాడండీ!"

ఈ మాటన్నది ఎవరో కాదు, నేనే. కిందటేడు దసరా సెలవుల్లో పక్కింటి పిన్నిగారితో అన్నాను. మా పనిమనిషి కొడుకు వరండాలో గోడకానుకుని ఎక్కాలు రాసుకుంటున్నాడు. వాడికి వినపడదులే అనుకున్నాను. వాడు రాయడం ఆపి, తలెత్తి నావంక చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు గానీ చేతిలో పెన్సిల్ మాత్రం కదల్లేదు.

కథలు రాసుకునేదాన్ని. ఇలాంటి మాటలనే వాళ్లని నా కథల్లో నేనే నాలుగు దులుపుతుంటాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇంతకీ నేనన్నది నిజమేనా? సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెదుకుతూ ఒకావిడ నలభై ఏళ్లు గడిపారని ఆ తర్వాత చదివాను. ఆవిడ పేరు ఎమ్మీ వెర్నర్. 1929లో జర్మనీలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధాన్ని చిన్నతనంలోనే కళ్లారా చూశారు. తర్వాత అమెరికా వెళ్లి మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యారు. 2017లో కన్నుమూశారు.

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవులున్నాయి కదా, వాటిలో కవాయి ఒకటి. చెరకు, అనాస తోటల్లో కూలికోసం జపాన్ నుంచీ, ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని వెర్నర్, ఆమె సహచరి రూత్ స్మిత్ వెన్నంటి చూస్తూ వచ్చారు. నర్సులు ఇళ్లకు వెళ్లారు. డాక్టర్లు, సైకాలజిస్టులు పరీక్షించారు. ఏడాది వయసులో, రెండేళ్లప్పుడు, తర్వాత 10, 18, 32, 40 ఏళ్లప్పుడు వాళ్లెలా ఉన్నారో రాసుకున్నారు.

వీళ్లలో నూటికి 30 మంది దాకా కష్టాల మధ్యే కళ్లు తెరిచారు. పేదరికం, కాన్పు వేళ చిక్కులు, తల్లిదండ్రులకు చదువు లేకపోవడం, ఇంట్లో నిత్యం గొడవలు, తాగుడు, మానసిక జబ్బు... రెండేళ్లు నిండేలోపే ఇలాంటివి నాలుగో, అంతకన్నా ఎక్కువో మీద పడ్డ పిల్లలన్నమాట. మరి వాళ్లేమయ్యారు? మూడింట రెండొంతుల మంది పదేళ్లకే చదువులో వెనకబడటమో, మొండిగా తయారవడమో జరిగింది. లేదా 18 నిండేసరికి పోలీసు కేసుల్లోనో, మానసిక సమస్యల్లోనో చిక్కుకున్నారు.

"చూశారా, నేనన్నది నిజమే!" అనాలనిపిస్తుంది కదూ? వెర్నర్ అక్కడితో ఆగలేదు. మిగతా మూడోవంతు మాటేమిటి అని ఆరా తీశారు. వాళ్లు 72 మంది. అవే ఇళ్లు, అవే గొడవలు, అయినా చక్కగా చదువుకుని, నలుగురితో కలుపుగోలుగా ఉంటూ ఎదిగారు. నలభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో ఉద్యోగం సద్యోగం లేనివాళ్లు గానీ, పోలీసు కేసుల్లో ఉన్నవాళ్లు గానీ ఒక్కరంటే ఒక్కరు లేరట!

వాళ్లేమీ మహా మేధావులు కారు. పసితనం నుంచీ నవ్వుతూ, ఎవరి చేతుల్లోకైనా ఇట్టే వెళ్లిపోయే స్వభావం చాలామందిలో కనిపించింది. కానీ ముఖ్యమైనది మరొకటుంది. ఇంట్లో ఎంత రభస జరుగుతున్నా వాళ్లని మనసారా పట్టించుకున్న మనిషి కనీసం ఒకరున్నారు. తల్లే కానక్కర్లేదు. అమ్మమ్మో, పిన్నో, పెద్దక్కో! బడికెళ్లే వయసొచ్చాక అభిమానించే టీచరో, పొరుగింటి పెద్దావిడో! మన ఉమ్మడి కుటుంబాల్లో నాయనమ్మ పక్కలో పడుకుని కష్టం చెప్పుకున్న వాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పాలా?

ఇంకో సంగతి కూడా గమనించారు. ఆ పిల్లల్లో చాలామందికి తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసుకోవడం, ఇంటి పనిలో చేయి వేయడం అలవాటు. 'నేను కూడా ఒకరికి పనికొస్తాను' అనే నమ్మకం వాళ్లకి అలా వచ్చింది. అలాగని బడి మాన్పించి పనికి పంపమని కాదు సుమా! కష్టాలు పడితేనే పిల్లలు రాటుదేలతారని కూడా కాదు. అండ దొరకని రెండొంతుల మంది ఏమయ్యారో చూశాం కదా.

ఆ రెండొంతుల మంది కథ కూడా 18 ఏళ్లతో ముగిసిపోలేదు. చెడిపోయారని అందరూ చేతులు దులుపుకున్న వాళ్లలో చాలామంది 32, 40 ఏళ్లు వచ్చేసరికి నిలదొక్కుకున్నారు. కొందరు మళ్లీ కాలేజీలో చేరారు. కొందరు సైన్యంలో చేరి క్రమశిక్షణ నేర్చుకున్నారు. కొందరికి మంచి తోడు దొరికింది, కొందరికి దైవభక్తి ఆసరా అయింది. చిన్న వయసులోనే తల్లులైన ఆడపిల్లలు చాలామంది చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

ఇదంతా చదివాక నాకు సిగ్గేసింది. వాడి తండ్రి తాగుడు నేను మాన్పించలేను. కానీ వాడు విన్న ఆ ఒక్క మాటా నాదే కదా!

మర్నాడు వాణ్ని పిలిచి, "ఆ రోజు నేనన్నది తప్పురా" అన్నాను. పెద్దవాళ్లు అలా అంటారని వాడు ఊహించినట్టు లేదు. ఏం చెప్పాలో తోచక తలూపాడు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం నాలుగున్నరకి వస్తున్నాడు. ముందు మా కుండీలకి నీళ్లు పోస్తాడు. అది వాడి డ్యూటీ, నన్ను చెయ్యనివ్వడు. తర్వాత అరగంట నా దగ్గర కూర్చుని చదువుతాడు. ఒక్కోరోజు కళ్లు వాచి వస్తాడు. అడగను. చెబితే వింటాను. మేం ఊరెళ్లాల్సి వస్తే ఏ రోజు తిరిగొస్తామో వాడికి ముందే చెప్పి వెళతాను.

మీ వీధిలోనూ ఇలాంటి పిల్లలుంటారు. వాళ్లందరి భారం మనం మోయలేం, నిజమే. రోజుకో అరగంట ఒక్కరికి ఇవ్వలేమా?

మా వాడు పదమూడో ఎక్కం దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నాడు. నిన్న మాత్రం తప్పు చెప్పి, తనే నాలిక్కరుచుకుని, "ఉండండమ్మగారూ, నేనే చెప్తా" అన్నాడు.