మాతృభాషకు జంకిన ప్రభుత్వము

పరదేశీయుల దొరతనము తొలగిన నాడే ప్రజలకు సంపూర్ణ స్వాతంత్ర్యము సిద్ధించినదని తలచుట పొరపాటు. తూర్పు ఆఫ్రికాయందలి కెన్యా దేశమే ఇందుకు తార్కాణము.

కెన్యా 1963 డిసెంబరు 12వ తేదీన స్వతంత్రమయ్యెను. ఆ దేశపు ప్రముఖ రచయిత గూగీ వా థియాంగో 1977లో 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' అను ఆంగ్ల నవలను ప్రకటించి, తెల్లదొరల స్థానమున కూర్చున్న స్వదేశ ధనికులను తీవ్రముగా ఖండించెను. ప్రభుత్వము మిన్నకుండెను. ఆ యేటనే ఆయన గూగీ వా మీరీతో కలిసి గికూయూ భాషలో, 'నాకిష్టమైనప్పుడు పెండ్లాడెదను' అను నర్థము గల నాటకమును రచించెను. లిమూరు చెంత కమిరీథూ గ్రామమున రైతులును కూలీలును తామే రంగస్థలమును కట్టుకొని, తామే వేషములు ధరించి దానిని ప్రదర్శించిరి.

అందలి కథ భూమిని గూర్చినదే. కిగూండా యను కూలికి ఒకటిన్నర యెకరము చెక్క గలదు. ధనికుడగు కియోయి దానిపై కన్నువేసెను. పూర్వాచారము ననుసరించి జరిగిన వివాహము పాపమనియు, చర్చిలో మరల పెండ్లాడవలెననియు బోధింపగా, ఆ పేదవాడు వేడుకకై భూమిని తాకట్టు పెట్టెను. తుదకు చెక్క చేజారెను. చూచిన రైతులకు దీనికి వ్యాఖ్యానమేల?

నవంబరులో ప్రదర్శనమునకు అనుమతి రద్దయ్యెను. డిసెంబరు 31న గూగీని నిర్బంధించి, విచారణయైనను లేక సుమారు ఏడాది కాలము కామితీ కారాగారమున నుంచిరి. ఆంగ్లమున సహించిన విమర్శను పాలకులు గికూయూలో సహింపజాలకపోయిరి. ఏలయన ఆంగ్లమున నది విద్యావంతుల చర్చ. గికూయూలో ప్రజల తీర్పు.

చెరయందే గూగీ మరుగుదొడ్డి కాగితములపై గికూయూ నవలను వ్రాసెను. దానిని వరవరరావు గారు తామును చెరలో నుండగనే 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెనిగించిరి. 1982లో ప్రభుత్వము కమిరీథూ రంగస్థలమును నేలమట్టము గావించెను.

నైజీరియా నవలాకారుడు చినువా అచెబె, ఆంగ్లమును ఆఫ్రికా అనుభవమునకు తగినట్లు మలచుకొనవచ్చుననెను. పలుభాషల దేశమున ఆ వాదము త్రోసివేయదగినది కాదు. ఆయన నవలలే అందుకు సాక్ష్యము. కాని పొలము పోగొట్టుకొన్నవాడు వానిని చదువగలడా యను ప్రశ్నకు అందు సమాధానము లేదు.

గూగీ 2025 మే 28న దివంగతుడయ్యెను. ఆయన చాటిన సత్యము కెన్యాతో ముగియునది కాదు. శాసనము, తీర్పు, తాకట్టు పత్రము రైతు చదువజాలని భాషలో నున్నంతకాలము ఏ స్వరాజ్యమైనను కొందరి సొత్తేయని మేము దృఢముగ విశ్వసించుచున్నాము. గ్రామములయందు భూములు గలవారును, పట్టణములయందు విద్య గలవారును ముందుగా గుర్తింపవలసిన విషయమిది.