ఫొటో తీసిన తేదీ ఎక్కడ పోతోంది?

వరద నీరు ఇంట్లోకి వచ్చిన రోజు ఫోన్‌తో ఫొటో తీశారు. నెల తర్వాత పరిహారం దరఖాస్తుకు జత చేద్దామని అంచులు కత్తిరించి, వెలుతురు పెంచి కొత్తగా సేవ్ చేశారు. ఇప్పుడు ఆ ఫైల్‌ మీద ఎడిట్ చేసిన రోజు తేదీ కనిపిస్తోంది. ‘ఇది వరద నాటి ఫొటోనేనా?’ అని అధికారి అడిగితే ఏం చూపించాలి?

డిజిటల్ ఫొటోకు ఒకటి కాదు, చాలా తేదీలు ఉంటాయి. ఫైల్ తేదీని ఫోనో, కంప్యూటరో వేస్తుంది. సేవ్ చేసినా, డౌన్‌లోడ్ చేసినా అది మారిపోవచ్చు. అసలు తేదీని కెమెరా ఫొటో లోపలే ‘ఎగ్జిఫ్’ అనే సమాచారంలో రాస్తుంది. అందులో ‘డేట్‌టైమ్ ఒరిజినల్’ అంటే ఫొటో తీసిన క్షణం. మార్పులు చేసిన సమయానికి వేరే గడి ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొదటిదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్నే మార్చాలి.

చిక్కు ఎక్కువగా ఎక్స్‌పోర్ట్ దగ్గరే వస్తుంది. ఫైల్ సైజు తగ్గించడానికో, గోప్యత కోసమో కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎగ్జిఫ్‌ను తీసేస్తాయి. లైట్‌రూమ్‌లో ‘కాపీరైట్ ఓన్లీ’ ఎంచుకుంటే తీసిన తేదీ పోతుంది. ‘ఆల్ మెటాడేటా’ ఎంచుకుంటే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపినా తేదీ పోతుంది; డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. స్క్రీన్‌షాట్‌కైతే పాత తేదీతో సంబంధమే ఉండదు. పోయిన తేదీని అసలు ఫొటో నుంచి ఎడిట్ చేసిన ప్రతిలోకి ‘ఎగ్జిఫ్‌టూల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేయవచ్చు. అసలు ఫొటో దగ్గర ఉంటేనే ఇది సాధ్యం.

ఎగ్జిఫ్ తేదీ కూడా కెమెరా గడియారం చెప్పిందే. అమెరికా నుంచి వచ్చినవారు కెమెరాలో సమయం మార్చకుండా హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి పెళ్లి ఫొటో తీస్తే, ముందు రోజు తేదీ పడుతుంది.

పైగా ఈ తేదీని ఎవరైనా మార్చగలరు. అందుకే అదొక్కటే రుజువు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ‘హ్యాష్’ విలువ కూడా రాయాలి. అది ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఫొటోలో ఒక్క చుక్క రంగు మార్చినా, లోపలి తేదీని సరిదిద్దినా ఆ విలువ మారిపోతుంది.

కాబట్టి ముఖ్యమైన ఫొటో ఏదైనా, ముందు దాన్ని ఉన్నదున్నట్టుగా వేరేచోట దాచండి. కత్తిరింపులూ మెరుగులూ నకలు మీదే చేయండి. అధికారి అడిగిన రోజున అక్కరకొచ్చేది ఆ ముట్టుకోని ఫైలే.