కుట్టుమిషనుపై అతుకుల బొంత

పొందికలేని దేనిని చూచినను "అతుకుల బొంత" అని ఈసడించుట మనకు అలవాటు. ఈ మాటను మొదట వాడినవారు మంచి బొంతను ఎన్నడును చూచియుండరని మా అనుమానము. పాత నూలుచీరలను పొరలు పొరలుగా పరచి, చిరిగిన చోట మరియొక ముక్క వేసి, సూదితో వరుసలు తీర్చి అవ్వలు కుట్టిన బొంతలమీదనే తెలుగునాట ఎన్ని తరముల బిడ్డలో నిదురించిరి. వంగదేశమునందలి కాంథాయు, సింధు రాజస్థాన ప్రాంతములందలి రల్లీయు ఈ బొంతకు తోబుట్టువులే. అతుకు లేమికి గుర్తని కొందరు తలంతురు గాని, చక్కగా వేసిన అతుకు పొదుపునకును ఓర్పునకును గుర్తు.

కట్టుటకు పనికిరానిదియు, పారవేయుటకు మనసొప్పనిదియునగు చీర యొకటి అనేకుల యిండ్లలో పెట్టె అడుగున ఉండును. మేము మొట్టమొదట మిషనుపై బొంత కుట్టబూనినప్పుడు అట్టి చీరనే తీసికొంటిమి. అది మా తల్లిగారిది. ఉత్సాహముకొద్దీ ఒక్క పూటలో కత్తిరించి, కొన్ని వరుసలు నెమ్మదిగాను, కొన్ని తొందరగాను కుట్టితిమి. వరుసలను ఒకదానితో నొకటి జతపరచబోవునప్పటికి తొందరలో కుట్టినవి రెండంగుళములు పొట్టివయ్యెను. గుడ్డ మిగులలేదు, ఆ చీర మరల రాదు. ఆ బొంత అంచు నేటికిని వేరొక గుడ్డతో అతికియే యున్నది. మిషను మంచిదే, లోపము మాది. మిషను కుట్టును వేగిరపరచును గాని కొలతను సరిదిద్దదని ఆనాడు తెలిసికొంటిమి. క్రొత్తగా నేర్చువారు ఆ నష్టము లేకుండ నేర్చుకొనవలెనని మా కోరిక.

ముందు మిషను సంగతి. అమెరికా దేశస్థుడైన ఎలియాస్ హౌ 1846లో పేటెంటు పొందిన యంత్రమున సూది మొననే కన్ను గలదు. పైదారమును క్రిందిదారమును పెనవేసి కుట్టువేయు ఆ పద్ధతియే నేటికిని మన యిండ్లలోని మిషనులలో సాగుచున్నది. యంత్రములను విమర్శించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు కుట్టుమిషనును ఆ విమర్శనుండి మినహాయించెను. భార్య పడు శ్రమను చూడలేక భర్త ప్రేమతో కల్పించిన యంత్రమని ఆయన దానిని భావించెను.

పైదారము రీలునుండియు, క్రిందిదారము బాబిన్‌నుండియు వచ్చి గుడ్డ మందములో నడుమ పెనవేసికొనవలెను. అప్పుడే కుట్టు రెండు ప్రక్కలను ఒకే తీరుగ నుండును. దీనిని పరీక్షించుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. పైన ఎఱ్ఱదారము, క్రింద తెల్లదారము వేసి రెండు పొరల పాతగుడ్డపై ఒక జానెడు కుట్టి చూడుడు. తెల్లని చుక్కలు పైకి కనబడిన, పైదారపు బిగువు హెచ్చినదన్నమాట. బిగువు మర కొంచెము వదులు చేయవలెను. అడుగున ఎఱ్ఱదారము ఉచ్చులు ఉచ్చులుగా కనబడిన, పైదారము వదులైనది, లేదా ఎక్కించుటలో ఒక మలుపు తప్పినది. ముందుగా దారమును తీసి మరల ఎక్కించి, అప్పటికిని కుదురనిచో మర ముట్టుడు.

సూది విషయమున లోభము కూడదు. మొన మొద్దుబారిన సూది నూలుపోగులను లాగివేయును. సాధారణపు నూలుగుడ్డకు 14వ నంబరు సూదియు, పలుచని పాతచీరకు 11వ నంబరును, బొంత పొరలన్నియు కలిపి కుట్టునప్పుడు 16వ నంబరును వాడవచ్చును. ముక్కలు కలుపునప్పుడు అంగుళమునకు 10 మొదలు 12 కుట్లును, పొరలు కలుపునప్పుడు 8 మొదలు 10 కుట్లును చాలును.

ఇక పనిముట్లు. గుడ్డకు మాత్రమే వాడు కత్తెర యొకటి ఉండవలెను. కాగితము కోసిన కత్తెర గుడ్డను నమలును. టేపు, సుద్దముక్క, గుండుసూదులు, తప్పు కుట్లు విప్పుటకు సన్నని మొనగల పనిముట్టు, ఇస్త్రీపెట్టె, ముక్కల కొలతకు దళసరి అట్ట - ఇంతకు మించి మొదట అక్కరలేదు. చక్రమువలె తిరుగు కత్తిని జపానునందలి ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చినది. దానితో నాలుగు పొరలు ఒక్కసారి తెగును. కాని అడుగున తగిన పలకయు, ప్రక్కన బద్దయు లేనిదే దానిని వాడరాదు. పని ముగిసిన వెంటనే దాని అలుగును మూసి, పిల్లలకు అందని చోట ఉంచవలెను.

మొదటి బొంత చిన్నదిగా ఉండుట మేలు. పసిబిడ్డకు చాలునట్లు 36 అంగుళముల చదరము తలపెట్టుడు. నిలువున 9, అడ్డమున 9, మొత్తము 81 ముక్కలు. ఒక్కొక్క ముక్క కుట్టిన పిమ్మట 4 అంగుళములు ఉండవలెనన్న, అన్ని వైపుల పావంగుళము కుట్టులోనికి పోవును గనుక 4½ అంగుళములకు కత్తిరించవలెను.

కత్తిరించుటకు ముందు గుడ్డను తడిపి ఆరవేసి ఇస్త్రీ చేయుడు. క్రొత్తగుడ్డ క్రుంగును, ఎఱుపు నీలము రంగులు దిగును. ఆ కీడు కుట్టకముందే తీరిపోవలెను. పాతచీరను వెలుతురునకు ఎదురుగ పట్టి చూచి, పోగులు పలుచబడిన భాగమును విడిచిపెట్టుడు. అట్ట అంచు పడుగు వెంబడి ఉండునట్లు పెట్టి గీయవలెను. ఐమూలగా తెగిన అంచు సాగును; సాగిన ముక్క తన ప్రక్కదానిని కూడ వంకర చేయును.

ఇప్పుడు అసలు కీలకము. ప్రతి కుట్టును అంచునకు సరిగా పావంగుళము లోపల పడవలెను. సూదిని క్రిందికి దింపి, దానినుండి కుడివైపునకు పావంగుళము కొలిచి, మిషను పలకపై ఒక ప్లాస్టరు ముక్క అంటించుడు. గుడ్డ అంచు ఆ ముక్కను ఒరసికొనుచు పోవలెను. కన్ను సూదిపై గాక ఆ అంచుపై ఉండవలెను. కొలత సరియైనదో కాదో తెలియుటకు 1½ అంగుళముల వెడల్పుగల మూడు పట్టీలు ప్రక్కప్రక్కన కుట్టి ఇస్త్రీ చేయుడు. నడిమి పట్టీ సరిగా ఒక అంగుళము ఉన్నచో ప్లాస్టరు సరియైన చోట ఉన్నట్లు.

ఇంత పట్టుదల ఏలయని అడుగవచ్చును. అంగుళములో ఎనిమిదవ వంతు పొరపాటు కంటికి ఆనదు. కాని ఒక్కొక్క కుట్టులో రెండు ముక్కల అంచులు చేరును. రెంటినుండియు ఆ వంతు పోయిన పావంగుళము తరిగినట్లు. 9 ముక్కల వరుసలో 8 కుట్లు కలవు. ఎనిమిది పావులు రెండంగుళములు! మా తల్లిగారి చీరకు కలిగిన నష్టము లెక్క ఇదియే.

కుట్టునప్పుడు గుడ్డను వెనుకనుండి లాగరాదు. క్రింది పళ్ళే దానిని నడుపును; మన చేతులు దారి చూపిన చాలును. ఒక జత ముగిసిన పిమ్మట దారము తెంపక, వెంటనే రెండవ జతను పాదము క్రిందికి పంపినచో జతలన్నియు తోరణమువలె వచ్చును. దారమును కాలమును మిగులును. వరుసలు సిద్ధమైన తరువాత ఒక వరుసలోని కుట్ల అంచులను కుడికిని, తరువాతి వరుసలోనివి ఎడమకును మడచి ఇస్త్రీ చేయుడు. రెండు వరుసలు కలుపునప్పుడు ఆ మడతలు ఒకదానికొకటి ఒదిగి, మూలలు కచ్చితముగ కలిసికొనును.

పైపొర ముగిసినది. అడుగుపొరకును నడిమిపొరకును నాలుగు వైపుల రెండేసి అంగుళములు హెచ్చుగా ఉండునట్లు గుడ్డ తీసికొనుడు. నడుమ దూది పరుపుగాని, మన అవ్వల పద్ధతిని పాతచీర రెండు మూడు మడతలుగాని వేయవచ్చును. మూడు పొరలను నేలపై ముడుతలు లేకుండ పరచి, నడిమినుండి అంచులకు నాలుగేసి అంగుళముల ఎడముతో చేతి సూదితో పొడుగుపాటి కచ్చాకుట్టు వేయవలెను. ఈ పని విసుగనిపించును గాని, దీనిని మానిన వారికి బొంత అడుగున ముడుతలు తప్పవు.

పిదప బొంతను రెండు వైపులనుండి చాపవలె చుట్టి, మిషను చేయి క్రిందికి పంపి, నడిమి గీతనుండి ఆరంభించి అంచులవైపునకు తిన్నని వరుసలు కుట్టుడు. పాదము ఒత్తిడి కొంత తగ్గించవలెను. పైపొరను అడుగుపొరతో సమముగ నడిపించు వాకింగ్ ఫుట్ దొరికినచో పని మరింత తేలిక యగును. కడపట అంచులు సరిచేసి, 2½ అంగుళముల పట్టీని నిలువున రెండుగా మడచి చుట్టును కుట్టి, వెనుకకు మడచి చేతికుట్టుతో ముగించుడు. చుట్టుకొలత 144 అంగుళములు. మూలలకును అతుకులకును కలిపి 156 అంగుళముల పట్టీ సిద్ధపరచుకొనుడు.

తుదకు ఒక్క మనవి. మొదటి బొంతను దర్జీ అంగడిలో మిగిలిన పేలికలతో కుట్టుడు. తప్పులన్నియు ఆ పేలికలపైనే జరుగనిండు. మూడు పట్టీల పరీక్షలో నడిమి పట్టీ తడవతడవకును సరిగా ఒక అంగుళము వచ్చిన దినమున పెట్టె తెరచి, అడుగున దాచిన చీరను బయటికి తీయుడు. అవ్వ చీరపై మనుమరాలు నిదురించినప్పుడు అతుకుల బొంతయను మాట ఆ యింటిలో మరి నిందగా వినబడదు.