చద్దికి తోడు

మధ్యాహ్నం విజయవాడలో కోరమండల్ ఎక్కితే మర్నాడు బాగా పొద్దెక్కాక గానీ హౌరా దగ్గరి షాలిమార్ రాదు. 20 గంటల పైమాటే. ఆ ప్రయాణానికి మా ఇంట్లో కట్టిచ్చే పెరుగన్నంలో పెరుగు ఉండేది కాదు. మెత్తగా వండిన అన్నాన్ని మెదిపి, గోరువెచ్చటి పాలు మునిగేలా పోసి, చివర్లో ఒక్క చెంచాడు పెరుగు కలిపేవాళ్లు, అంతే. రైలెక్కేటప్పుడు అది పాలన్నం. తెల్లారి ఖరగ్‌పూర్‌లో మూత తీస్తే గడ్డగా తోడుకున్న పెరుగన్నం.

ఈసారి షాలిమార్ ఇంకో అరగంట ఉందనగా డబ్బా తెరిచాను. ఎదుటి బెర్తు బెంగాలీ పెద్దాయన తొంగిచూసి, “మా పాంతా భాత్‌కి చుట్టంలా ఉందే” అన్నాడు. పాంతా అంటే రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త ఆవనూనెతో తినేది. మన చద్దన్నమే. భాద్ర సంక్రాంతికి, అంటే సెప్టెంబరు 17 ప్రాంతంలో, వాళ్ల ఇళ్లలో ‘అరంధన్’ చేస్తారు. వంటంతా ముందు రాత్రే అయిపోతుంది. ఆ రోజు పొయ్యి వెలిగించరు. పొయ్యికీ మనసాదేవికీ పూజ చేసి పాంతాయే తింటారు. హౌరా వైపు కార్ఖానాల్లో విశ్వకర్మ పూజ కూడా అదే రోజు. యంత్రాలకూ పొయ్యికీ ఒకేసారి సెలవన్నమాట.

సెప్టెంబరులో బెంగాల్ ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఒక సందేహం రావాలి. ఆ వేడిలో రాత్రంతా బయట ఉన్న అన్నం పాడైపోదా?

పాడవుతుంది, నీళ్లు పోయకపోతే. బియ్యం మీద బ్యాసిల్లస్ సీరియస్ అనే మట్టి బాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఎసట్లో బాక్టీరియా చచ్చినా, గట్టి తొడుగు కట్టుకుని నిద్రపోయే దాని రూపాలు, స్పోర్లు, బతికిపోతాయి. అన్నం చల్లారుతూ గోరువెచ్చని దశకు రాగానే అవి లేస్తాయి. చుట్టూ కావలసినంత తిండి, పోటీకి ఎవరూ లేరు, ఎందుకంటే మిగతావాటిని మనమే ఉడికించి చంపేశాం. అది వదిలే విషాల్లో ఒకటి తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు చేయిస్తుంది. 1971లో బ్రిటన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వరసగా జబ్బుపడటంతో దీని సంగతి వైద్యులకు తెలిసింది. అక్కడ అన్నం ఉడికించి, వంటింట్లోనే వదిలేసి, ఆర్డరు వచ్చినప్పుడు వేయించేవారు. ఆ వేపుడు విషాన్ని ఏమీ చేయలేదు. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరని విషమది. అంటే ప్రెషర్ కుక్కరు కూడా దాన్ని లొంగదీయలేదు. “మళ్లీ వేడి చేశాం కదా” అనే మాట మిగిలిన కూరలకు కొంత పనికొస్తుందేమో గానీ అన్నానికి పనికిరాదు.

ఇప్పుడు అదే అన్నంలో నీళ్లు పోద్దాం. మొదట, అన్నం చప్పున చల్లారుతుంది. రెండు, ఈ విషం తయారీకి గాలి కావాలి, మునిగిన మెతుకుకు గాలి తక్కువ. మూడోదే అసలు సంగతి. నీళ్లతోనో, కుండ గోడల నుంచో, మన చేతుల నుంచో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా చేరి, పిండిపదార్థం నుంచి వచ్చే చక్కెరలను పులుపుగా మారుస్తుంది. పీహెచ్ 4.5 దిగువకు పడేసరికి బ్యాసిల్లస్ సీరియస్ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. కాబట్టి ఇదొక పరుగుపందెం. పులుపు ముందు వస్తే చద్దన్నం, వెనకబడితే కడుపునొప్పి. పాతకాలం తరవాణి కుండలో అడుగున కొంత పాత పులుపు మిగిల్చి, దానిమీదే కొత్త గంజి, అన్నం పోసేవాళ్లు. పందెంలో మనవాళ్లను ముందే సగం దూరంలో నిలబెట్టడం ఇది. మా డబ్బాలో చెంచాడు పెరుగు చేసిందీ అదే. ఇవాళ్టి స్టీలు గిన్నెకు ఏ జ్ఞాపకమూ ఉండదు. కాబట్టి ఒట్టి నీళ్లను నమ్ముకోవద్దు, చెంచాడు పెరుగు వేయండి. పొద్దున పుల్లటి వాసన రాకపోయినా, మెతుకు జిగటగా సాగినా పారబోయడమే. పసిపిల్లలకూ గర్భిణులకూ ఈ ప్రయోగం వద్దు.

ఇక చద్దన్నం మహిమల గురించి. అస్సాం వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరుతో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము, 12 గంటలు నానితే 73.91 అవుతుందట. నాకు ఇది మింగుడుపడదు. ఇనుము మూలకం. బాక్టీరియా పులుపును పుట్టించగలదు గానీ ఇనుమును పుట్టించలేదు. ఒక స్త్రీకి రోజుకు కావలసిందే 29 మిల్లీగ్రాములు. గుప్పెడు చద్దన్నంతో అంతకు రెండున్నర రెట్లు వస్తే దేశంలో రక్తహీనత ఉండకూడదు. జరిగేది ఇంకొకటి. గింజలోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. పులిసేటప్పుడు అవి కొంత విడిపోయి, ఉన్న ఇనుమే ఒంటికి కాస్త ఎక్కువ పడుతుంది. అదీ ముడిబియ్యంలో ఎక్కువ, తవుడు పోయేలా పాలిష్ పట్టిన బియ్యంలో తక్కువ.

పులుపు నచ్చనివాళ్లకు ఫ్రిజ్ ఉంది. వండిన గంట, రెండు గంటల్లోపు పల్చగా పరిచి చల్లార్చి 5 డిగ్రీల లోపు పెట్టాలి. అక్కడ మెతుకు గట్టిపడేది ఆరిపోయి మాత్రమే కాదు. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం పోగులు మళ్లీ దగ్గరకు చేరి పేర్చుకుంటాయి. వేడి చేస్తే వాటిలో కొమ్మలున్న రకం విడిపోతుంది, అందుకే అన్నం మళ్లీ మెత్తబడుతుంది. తిన్నని పోగులైన అమైలోజ్ మాత్రం మన పొయ్యి వేడికి విడవదు, జీర్ణరసాలకూ తొందరగా లొంగదు. ఇండోనేషియాలో చేసి 2015లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో అలా అరగని పిండి 100 గ్రాముల తాజా అన్నంలో 0.64 గ్రాములుంటే, 24 గంటలు 4 డిగ్రీల దగ్గర ఉంచి వేడిచేసిన అన్నంలో 1.65 తేలింది. తిన్నవాళ్లకు రక్తంలో చక్కెర కూడా కాస్త తక్కువగా పెరిగింది. కాస్తే. షుగరున్నవాళ్లు రెండో వాయి వడ్డించుకోవడానికి ఇది అనుమతిపత్రం కాదు.

అలాంటి అన్నంతో పులిహోర ఎందుకు బాగా కుదురుతుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు, మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటుంది. దానికి చింతపండు పులుపు తోడై, అదీ రైలు ప్రయాణాలకు పనికొచ్చింది.

షాలిమార్‌లో బండి ఆగేసరికి పెద్దాయన నా డబ్బాలోంచి రెండు ముద్దలు తిన్నాడు. బాగుందన్నాడు గానీ, ఆవనూనె చుక్క పడితే ఇంకా బాగుండేదట.